వండర్‌లానా, ఇమాజికానా? దసరాకి ఒక్కటే ట్రిప్, ఎటు వెళ్లాలో చెప్పండి

తార్నాక_తమ్ముడు
రెండు వారాలుగా మా ఇంట్లో ఇదే పంచాయితీ. దసరా సెలవుల్లో పిల్లల్ని పార్కుకి తీసుకెళ్తానని మాటిచ్చాను. హైదరాబాద్‌లోనే ఉంటాం కాబట్టి వండర్‌లా అనుకున్నా. ఇప్పటికి మూడుసార్లు వెళ్లొచ్చాం, పిల్లలకి ఇంకా విసుగు రాలేదు. ఇంతలో పుణెలో ఉండే మా బావ ఫోన్ చేసి, "అది నీళ్ల పార్కు రా, రైడ్స్ అంటే మా వైపు ఇమాజికాలో చూడాలి, అందరూ వచ్చేయండి" అన్నాడు. అది విన్నప్పటి నుంచి మా అన్నయ్య కొడుకు వదలట్లేదు.

వెళ్లేది ఐదుగురం. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల పాప, పదిహేనేళ్ల అన్నయ్య కొడుకు, మా అమ్మ. అమ్మకి మోకాళ్ల నొప్పులు. అంత దూరం అందర్నీ లాక్కెళ్లాక "ఇంతేనా" అంటారేమోనని టెన్షన్‌గా ఉంది. రెండూ చూసినవాళ్లు చెప్పండి.

కోస్టర్_పిచ్చి
ఇందులో ఆలోచించడానికి ఏముంది అన్నా? ఇమాజికాలో నైట్రో ఒక్కదాని కోసమే వెళ్లొచ్చు. బొలిగర్ అండ్ మాబిలార్డ్ అనే స్విట్జర్లాండ్ కంపెనీ చేసిన ఫ్లోర్‌లెస్ రోలర్ కోస్టర్. సుమారు 40 మీటర్ల ఎత్తు, గంటకి 105 కిలోమీటర్ల దాకా వేగం, ఐదుసార్లు తలకిందులు. సీట్లో కూర్చుని బార్ బిగించాక కాళ్ల కింద పలక కిందికి దిగిపోతుంది. అక్కడి నుంచి పాదాల కింద ఏమీ ఉండదు, ట్రైన్ నడిచే పట్టా తప్ప. నేను నాలుగుసార్లు ఎక్కాను. ప్రతిసారీ ఆ పలక దిగే క్షణంలోనే గుండె జారుతుంది.

రావిర్యాల_రాజు
"నీళ్ల పార్కు" అన్న మీ బావగారిని ఒకసారి వండర్‌లాలో రీకాయిల్ కోస్టర్ చివరి వరుసలో కూర్చోబెట్టండి. ముందుకెళ్లిన దారిలోనే వెనక్కి తిరగేసి తెస్తుంది. అప్పుడు మళ్లీ అనమనండి ఆ మాట.

నేను ఔటర్ రింగ్ రోడ్డు 13వ ఎగ్జిట్‌కి దగ్గర్లోనే ఉంటాను. 2016 ఏప్రిల్‌లో తెరిచినప్పటి నుంచి ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు. పొద్దున పొడి రైడ్స్, మధ్యాహ్నం ఎండ మాడ్చే వేళకి వేవ్ పూల్, సాయంత్రం రెయిన్ డిస్కో, మళ్లీ రీకాయిల్. అన్నిటికీ ఒకటే టికెట్. ఇమాజికాలో వాటర్ పార్కు పక్కనే ఉన్నా అది వేరే, టికెట్ కూడా వేరే. ఐదుగురికి లెక్క వేసుకోండి.

పల్నాటి_పిల్ల
మీరిద్దరూ హాయిగా కొట్టుకోండి. మా గుంటూరు నుంచి ఇంత పెద్ద పార్కుకి పోవాలంటే రాష్ట్రం దాటాల్సిందే.

లోలకం
కోస్టర్_పిచ్చి గారూ, రాజు గారూ, మీరు పోల్చే రెండూ అసలు ఒక జాతివి కావు. అది తెలిస్తే ఏది ఎవరికి నచ్చుతుందో కూడా తెలుస్తుంది.

రీకాయిల్ అనేది నెదర్లాండ్స్ కంపెనీ వెకోమా చేసే బూమరాంగ్ మోడల్. 1984 నుంచి ప్రపంచమంతా పెడుతూనే ఉన్నారు. దాని పట్టా గుండ్రంగా తిరిగి స్టేషన్‌కి రాదు, రెండు చివర్లలోనూ పైకి లేచి ఆగిపోతుంది. మొదట ట్రైన్‌ని వెనక్కి లాగి ఒక టవర్ మీదికి ఎక్కిస్తారు. అక్కడ వదిలేస్తే స్టేషన్ మీదుగా దూసుకెళ్లి, పడగ విప్పిన పాములా ఉండే మెలికలో రెండుసార్లు, లూప్‌లో ఒకసారి తలకిందులై, ఎదుటి టవర్ ఎక్కుతుంది. రాపిడికి కొంత శక్తి పోతుంది కదా, అందుకని అక్కడ గొలుసు పట్టుకుని ఇంకొంచెం పైకి లాగుతుంది. మళ్లీ వదిలేస్తే ఆ మూడూ వెనక్కి. మొత్తం ఆరు. ఎత్తు 35 మీటర్ల చిల్లర, వేగం గంటకి 75 కిలోమీటర్ల దగ్గర. అంటే వేగంలోనూ ఎత్తులోనూ నైట్రోదే పైచేయి, తలకిందుల లెక్కలో మాత్రం రీకాయిల్ ఒకటి ఎక్కువ.

ఇంకో తేడా క్యూలో తెలుస్తుంది. బూమరాంగ్‌లో పోయిన ట్రైన్ అదే దారిలో తిరిగి రావాలి కాబట్టి పట్టా మీద ఒక్క ట్రైనే తిరగగలదు. సీట్లు 28. అది వచ్చి, దిగి, ఎక్కి, బార్లు చెక్ చేసే దాకా లైన్ కదలదు. అక్కడి వాళ్లు నెమ్మదిగా చేస్తున్నారని కోప్పడటం అన్యాయం.

రావిర్యాల_రాజు
ఈ చివరి మాట చెప్పినందుకు మీకు దండం పెట్టాలి. లైన్‌లో నిలబడి ఎంతమంది ఆపరేటర్ల మీద అరవగా చూశానో. అందుకే నేను గేటు తీయగానే నేరుగా రీకాయిల్‌కే పోతాను.

మీనా_పాశం
లోలకం గారూ, ఏ వరుసలో కూర్చుంటే ఎక్కువ కిక్కు? మా ఆయన ముందు వరుస అంటారు, నేను వెనక అంటాను.

లోలకం
నైట్రోలో మీరే కరెక్ట్ మీనా గారూ. ట్రైన్ ముందు సగం శిఖరం దాటి కిందికి వేలాడుతుంటే వెనక వాళ్లు ఇంకా పైకి ఎక్కుతూనే ఉంటారు. ముందు బరువు వెనక పెట్టెని శిఖరం మీదుగా విసురుగా లాగేస్తుంది, ఒంట్లోంచి బరువు పోయినట్టుంటుంది. ముందు వరుసలో అంత లాగుడు ఉండదు, కానీ ఎదురుగా పట్టా, గాలి, లోయ అన్నీ కనిపిస్తాయి. రీకాయిల్‌లో అయితే తిరుగు ప్రయాణంలో వెనక వరుసే ముందు వరుస అవుతుంది. చివర కూర్చుంటే ఒకే రైడ్‌లో రెండూ చూస్తారు.

కోస్టర్_పిచ్చి
సాఫీగా ఉండటం గురించి ఎవరూ మాట్లాడట్లేదేం? బూమరాంగ్‌లో భుజాల మీది బార్‌కి చెవులు కొట్టుకుంటాయి. తల వెనక్కి ఆనించి బిగబట్టి కూర్చోకపోతే దిగాక చెవి తమ్మెలు ఎర్రగా ఉంటాయి. నైట్రోలో అంత వేగంలోనూ ఆ బాధ లేదు. వెన్నలో కత్తి దిగినట్టు పోతుంది.

ఇద్దరు_పిల్లల_తల్లి
మీరంతా పెద్దవాళ్ల కోణంలోంచే చెప్తున్నారు. ఆయనతో ఎనిమిదేళ్ల పాప కూడా ఉంది. తమ్ముడూ, మీ పాప ఎత్తు ఎంత? అన్నిటికంటే ముందు అడగాల్సింది అదే. ఏ పార్కులోనైనా పెద్ద రైడ్ దగ్గర కొలత కర్ర ఉంటుంది, దాని దగ్గర వయసు పనిచేయదు. వండర్‌లాలో పిల్లల టికెట్ కూడా వయసుని బట్టి కాదు, ఎత్తుని బట్టే.

మా చిన్నోడు ఒకసారి ఆ కర్ర కింద మునివేళ్ల మీద నిలబడ్డాడు. అక్కడి అబ్బాయి మోకాళ్ల మీద కూర్చుని, మడమలు రెండూ నేలకి ఆనించి, మళ్లీ కొలిచి, "వచ్చే ఏడు రా బాబూ" అన్నాడు. వాడు రోజంతా మూతి ముడుచుకున్నాడు కానీ ఆ అబ్బాయికి నేను మనసులో దండం పెట్టుకున్నాను. ఆ బార్ పొట్టి పిల్లల భుజాలకి ఆనదు. ఒక్క సెంటీమీటరే కదా అని బతిమాలకండి ఎవరూ.

ఇంకోటి. నీళ్లలోకి కాటన్ బట్టలతో దిగనివ్వరు, నైలాన్ లేదా లైక్రా ఉండాలి. చీరతో వచ్చే పెద్దవాళ్లకి ఇంటి దగ్గరే చెప్పండి. అక్కడికెళ్లాక తెలిస్తే వాళ్లు గట్టు మీదే కూర్చుండిపోతారు.

తార్నాక_తమ్ముడు
128 సెంటీమీటర్లు అక్కా. ఇప్పుడే గోడకి నిలబెట్టి కొలిచాను. ఎందుకు కొలుస్తున్నానో చెప్పలేదు.

ఘాట్_రోడ్డు
పదకొండేళ్లుగా పుణెలో ఉంటున్నాను, మాది మహబూబ్‌నగర్. దారి సంగతి నేను చెప్తా. హైదరాబాద్ నుంచి పుణె సుమారు 560 కిలోమీటర్లు, షోలాపూర్ మీదుగా 65వ నంబరు జాతీయ రహదారి. పెద్దావిడ ఉన్నారు కాబట్టి కారు వద్దు, రాత్రి ట్రైన్ ఎక్కి పుణెలో దిగండి. ఆ రోజు బావగారింట్లో విశ్రాంతి తీసుకుని మర్నాడు పొద్దున్నే బయల్దేరండి. పుణె నుంచి ఎక్స్‌ప్రెస్‌వే మీద లోనావలా దాటి ఘాట్ దిగితే ఇమాజికా ఉండే ఖోపోలీ, సుమారు 80 కిలోమీటర్లు.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మాత్రం ఆ వైపు చూడకండి. సహ్యాద్రి వాన ఎలా ఉంటుందో మన వాళ్లకి ఊహకి అందదు. పిడుగులు పడే వానలో బయటి కోస్టర్లు ఏ పార్కులోనైనా ఆపేస్తారు.

మీకు కలిసొచ్చేది ఇంకోటుంది. తెలంగాణలో బడులకి దసరాకి పెద్ద సెలవులు. మహారాష్ట్రలో పెద్ద సెలవులు దీపావళికి. మీ పిల్లలకి సెలవులున్న వారంలో ఇక్కడి పిల్లలు బడిలో ఉంటారు. మంగళవారమో బుధవారమో చూసుకుని వెళ్లండి, లైన్లు చాలా తేలిగ్గా ఉంటాయి. దసరా రోజు, ఆదివారం మాత్రం వద్దు.

మీనా_పాశం
ఈ దసరా, దీపావళి లెక్క ఇన్నేళ్లలో నాకెప్పుడూ తట్టలేదు!

ఓషన్‌పార్క్_రోజులు
మీకు ఇన్ని ఉన్నాయి కొట్టుకోవడానికి. మా చిన్నప్పుడు గండిపేట దగ్గర ఓషన్ పార్కు అంటేనే పండగ. స్కూల్ బస్సులో పాటలు పాడుకుంటూ పోయేవాళ్లం. తర్వాత నెక్లెస్ రోడ్డులో జలవిహార్, ఇందిరా పార్కు పక్కన స్నో వరల్డ్ వచ్చాయి. స్నో వరల్డ్‌లో ఇచ్చిన కోటు వేసుకుని, నోట్లోంచి తెల్లటి ఆవిరి ఊదుతూ ఫోటో దిగని హైదరాబాదీ లేడు.

బిడది_బ్యాచ్
బెంగళూరు నుంచి ఒక మాట. వండర్‌లాని ఇమాజికాతో పోల్చేటప్పుడు వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో కూడా చూడాలి. వండర్‌లా 2000లో కొచ్చిలో వీగాలాండ్ పేరుతో మొదలైంది. వీ-గార్డ్ స్టెబిలైజర్లు చేసే వాళ్లదే. 2005లో మా బిడది, 2016లో మీ రావిర్యాల. చాలా రైడ్స్ వాళ్ల సొంత వర్క్‌షాప్‌లోనే తయారు చేసుకుంటారు. ఇంజినీరింగ్ వాళ్లు పెట్టిన పార్కు అది. శుభ్రత, నీళ్లు, వరస, మెయింటెనెన్స్ మీద వాళ్ల శ్రద్ధ ఇట్టే కనిపిస్తుంది.

ఇమాజికాని 2013లో మొదలుపెట్టింది అడ్‌ల్యాబ్స్ మన్‌మోహన్ శెట్టి, అంటే సినిమా మనిషి. అందుకే అక్కడ ప్రతి రైడ్‌కీ ఒక కథ, ఒక సెట్టు, ఒక సంగీతం. లైన్‌లో నిలబడ్డప్పుడే కథ మొదలవుతుంది. తర్వాత అప్పుల్లో పడి, 2022లో మాల్పానీ గ్రూప్ చేతికి వెళ్లింది. ఒకరు యంత్రం వైపు నుంచి వచ్చారు, ఇంకొకరు బొమ్మ వైపు నుంచి. నాకైతే యంత్రమే ఇష్టం.

కోస్టర్_పిచ్చి
@బిడది_బ్యాచ్ నైట్రో కూడా యంత్రమే అన్నా, అదీ అసలైన యంత్రం.

రావిర్యాల_రాజు
ఒక్క యంత్రం కోసం రెండు రాత్రుల ట్రైనా? పరీక్షలయ్యాక హాల్ టికెట్ చూపిస్తే ఇక్కడ స్టూడెంట్స్‌కి టికెట్ తగ్గించి ఇస్తుంటారు. మా కాలనీ పిల్లలు అదే ఆఫర్‌లో వెళ్లి సాయంత్రానికి ఇంట్లో ఉంటారు. పార్కు అనేది మళ్లీ మళ్లీ వెళ్లగలిగేలా ఉండాలి. ఏడాదికోసారి తిరుపతి మొక్కులా పోయేది పార్కు ఎలా అవుతుంది?

పల్నాటి_పిల్ల
మాకు మీ రావిర్యాల కూడా తిరుపతి మొక్కే అండీ.

శిలాజం_శీను
రైడ్స్ గొడవలో చిన్న విషయం. ఇమాజికాలో రాజాసారస్ రివర్ అడ్వెంచర్ అని పడవ రైడ్ ఉంది. రాజాసారస్ అనేది కల్పన కాదు. గుజరాత్‌లో నర్మద వైపు దొరికిన ఎముకలతో గుర్తించిన మన దేశపు మాంసాహార డైనోసార్, 2003లో పేరు పెట్టారు. పిల్లల్ని పడవ ఎక్కించే ముందు ఇది చెప్పండి, వాళ్లు చూసే చూపే మారుతుంది. తిరిగొచ్చాక బిర్లా సైన్స్ సెంటర్‌కి తీసుకెళ్లి కోటసారస్ అస్థిపంజరం చూపించండి. అది మన పాత ఆదిలాబాద్ వైపుది. నేను మా అమ్మాయిని ఈ రెండూ ఒకే నెలలో చూపించాను. ఇప్పుడు తను రాళ్లు ఏరుకొచ్చి మంచం కింద దాస్తోంది.

నడుంనొప్పి_నాయుడు
ఏ పార్కో పేరు చెప్పను, ఈ రెండిట్లో ఒకటనీ అనుకోవద్దు. లాకర్ తాళంచెవి మా తమ్ముడి చేతి నుంచి వేవ్ పూల్‌లో జారిపోయింది. అందులోనే ఫోన్లు, బట్టలు, కారు తాళం. పార్కు మూసేదాకా తడి బట్టలతో కూర్చోబెట్టారు. అప్పటి నుంచి తాళంచెవిని మెడలో తాడుకి కట్టి చొక్కా లోపల వేసుకుంటున్నాం. మీరూ అలాగే చేయండి.

తార్నాక_తమ్ముడు
నాయుడు గారూ, రాసుకున్నాను. మా అమ్మ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆవిడ ఎక్కగలిగేవి ఏమైనా ఉన్నాయా? బెంచీ మీద బ్యాగులు కాస్తూ కూర్చోబెట్టడానికి మనసొప్పట్లేదు. వండర్‌లాకి వెళ్లిన మూడుసార్లూ అదే చేసింది.

ఘాట్_రోడ్డు
ఇమాజికాలో ఐ ఫర్ ఇండియా ఉంది. పెద్ద తెర ముందు సీట్లు గాల్లోకి లేస్తాయి, మన దేశమంతా హెలికాప్టర్‌లోంచి చూసినట్టు ఉంటుంది. మా అత్తగారు రెండుసార్లు కూర్చున్నారు. అలీబాబా రైడ్‌లో బండిలో కూర్చుని తుపాకీతో దొంగల్ని కొట్టడమే, మోకాళ్లకి పని లేదు. సాయంత్రం ఊరేగింపు ఉంటుంది. రాజాసారస్ మాత్రం నడుము చూసుకుని. చివర్లో జారుడు గట్టిగానే ఉంటుంది.

రావిర్యాల_రాజు
న్యాయంగా చెప్పాలంటే అలాంటిది వండర్‌లాలోనూ ఉంది, మిషన్ ఇంటర్‌స్టెల్లర్. తెర ముందు గాల్లో కూర్చుని అంతరిక్షంలోకి పోతాం. ఆవిణ్ణి అది కూడా ఎక్కించలేదా తమ్ముడూ?

తార్నాక_తమ్ముడు
లేదు. "నాకెందుకురా, మీరు వెళ్లండి" అంటే వదిలేశాను. నేను గట్టిగా అడగాల్సింది.

ఇద్దరు_పిల్లల_తల్లి
అయితే నా ఓటు ఖోపోలీకే. మీ పాప ఎత్తుకి రెండు చోట్లా పెద్ద కోస్టర్ కష్టమే. కథలున్న రైడ్స్‌లో అయితే పాప, నాన్నమ్మ పక్కపక్కన కూర్చోవచ్చు. అన్నయ్య కొడుకుకి నైట్రో ఉంది. నీళ్లంటారా, వేసవిలో రావిర్యాల ఎక్కడికీ పోదు.

రావిర్యాల_రాజు
ఈ కుటుంబానికి మాత్రం ఒప్పుకుంటున్నాను అక్కా. ఆవిడ కోసం.

తార్నాక_తమ్ముడు
ట్రైన్ టికెట్లు తీసేశాను. బుధవారం పార్కు. వచ్చాక చెప్తా.

తార్నాక_తమ్ముడు
నిన్న తిరిగొచ్చాం. బయటి తిండి లోపలికి రానివ్వరు కాబట్టి అమ్మ చేసిన పులిహోర కారు పార్కింగ్‌లోనే, స్టీలు డబ్బా మూతల్లో పెట్టుకుని తిని లోపలికి వెళ్లాం. ఘాట్_రోడ్డు గారు చెప్పినట్టే జనం పలచగా ఉన్నారు.

నైట్రో నేనూ, అన్నయ్య కొడుకూ చివరి వరుసలో ఎక్కాం. పలక దిగేదాకా వాడు ఏదో ఒకటి వాగుతూనే ఉన్నాడు. గొలుసు లాగుతుంటే టకటకమని చప్పుడు, పక్కన కొండలు పచ్చగా. సగం ఎక్కేసరికి వాడి మాట ఆగిపోయింది, నా చెయ్యి పట్టుకున్నాడు. ఏడో తరగతి నుంచి వాడు నా చెయ్యి పట్టుకోలేదు. దిగాక మళ్లీ రెండుసార్లు ఎక్కాడు, ఆ రెండుసార్లూ నేను లేకుండానే. లోలకం గారూ, చివరి వరుస గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. మొదటి దిగుడులో సీటుకీ నాకూ మధ్య గాలి దూరింది.

అమ్మ ఐ ఫర్ ఇండియాలో కాళ్లు గాల్లో వేలాడుతుంటే "ఒరేయ్, చెప్పు జారిపోతోంది" అని అరిచి, తర్వాత పూర్తిగా మౌనం. బయటికొచ్చి కళ్లు తుడుచుకుంది. కాశీ వెళ్లాలని నాన్నగారు ఉన్నప్పటి నుంచి అనుకుంటోంది. ఆ మాటే చెప్పింది. అలీబాబాలో మాత్రం అందరికంటే ఎక్కువ దొంగల్ని కొట్టింది. పాప స్కోరు చూసి నమ్మలేదు, నాన్నమ్మ తుపాకీ తనకి కావాలని రెండోసారి తీసుకెళ్లింది.

పాపకి రాజాసారస్ పిచ్చి పట్టింది. శీను గారూ, నర్మద కథ ట్రైన్‌లోనే చెప్పాను. వచ్చే ఆదివారం బిర్లా సైన్స్ సెంటర్.

రావిర్యాల_రాజు
నిజం చెప్పండి, రీకాయిల్ కంటే గొప్పదా?

తార్నాక_తమ్ముడు
వేగంలో, సాఫీలో అవును రాజు గారూ. కానీ వెనక్కి పోయేటప్పుడు ఏం వస్తోందో కనపడని ఆ భయం రీకాయిల్‌దే. అన్నయ్య కొడుకు కూడా అదే అన్నాడు. ఈసారి వండర్‌లాకి వెళ్తే అమ్మని మిషన్ ఇంటర్‌స్టెల్లర్ ఎక్కిస్తాను.

కోస్టర్_పిచ్చి
చెన్నై వండర్‌లాకి కూడా ప్లాన్ వేయండి అన్నా. అక్కడ బొలిగర్ వాళ్ల ఇన్వర్టెడ్ కోస్టర్ పెట్టారు, పట్టా తల మీద, కాళ్లు గాల్లో.

ఇద్దరు_పిల్లల_తల్లి
పాప నైట్రో దగ్గర ఏడ్చిందా?

తార్నాక_తమ్ముడు
ఏడవలేదు అక్కా. కొలత కర్ర దగ్గరికి తనే వెళ్లి మడమలు ఆనించి నిలబడింది. గీత అరచెయ్యి వెడల్పు పైన ఉంది. ఇంటికొచ్చాక వంటింటి దర్వాజా మీద పెన్సిల్‌తో రెండు గీతలు గీసింది. ఒకటి తన నెత్తి దగ్గర, ఇంకోటి అరచెయ్యి పెట్టి పైన. ఇవాళ పొద్దున కూడా వెళ్లి నిలబడింది.

ఇద్దరు_పిల్లల_తల్లి
మా చిన్నోడు పోయిన ఏడాది ఆరు సెంటీమీటర్లు పెరిగాడు. రోజూ కొలవనివ్వకండి, నెలకోసారి చాలు.